గబ్బిలం పంతులుగారు

నేను సైన్సు విద్యార్థిని. గబ్బిలాన్ని దగ్గరగా చూసింది జువాలజీ లాబ్‌లో, సీసాలో. అది పక్షి కాదు, క్షీరదమని రికార్డులో వ్రాసుకున్నా. దాని మీద కావ్యం చెప్పిన పంతులుగారి జీవితం తర్వాత చదివాను.

గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రి యాదవ, తల్లి మాదిగ, ఇంట్లో క్రైస్తవం. పొట్టకూటికి మూకీ సినిమాలకు కథ చెప్పారు, బడిలో పాఠాలు చెప్పారు. పురాణ కథలు పద్యాల్లో వ్రాస్తే క్రైస్తవ పెద్దలు కినిశారు. పద్యం మెచ్చినవారే కులం తెలిశాక మొహం తిప్పుకున్నారు. 1941లో ‘గబ్బిలం’ వచ్చింది. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. ఆ చేత్తోనే ‘క్రీస్తు చరిత్ర’ వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు పొందారు. 1971లో కన్నుమూశారు.

మాది వ్యవసాయ కుటుంబం. కూలీల గ్లాసు వేరుగా మా పంచ చూరులో ఉండేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో దాన్ని తీసేసి, మేం తాగే గ్లాసుతోనే నీళ్ళిచ్చాను. నాయనమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పిలిచి అన్నం పెట్టింది. గ్లాసు సంగతి మాత్రం ఎత్తలేదు.

మిత్రులారా, ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ ఇంటి చూరు కూడా ఒకసారి చూడండి.