బందరు నోబుల్ దొరగారు

బందరు నోబుల్ కాలేజీ పేరు వినని వారు మన దివిసీమలో ఉండరు. ఆ పేరుగల మనిషి ఎవరో, జ్ఞానస్నానం విషయంలో ఆయనకు ఎదురైన పరీక్ష ఏమిటో తెలిసినవారు మాత్రం కొద్దిమందే. ఆయన కతోలికుడు కాదు, ఆంగ్లికన్ గురువు. అయినా ఆయన బడిలో లేచిన ప్రశ్న మన విచారణలలో కూడా తరచు వినబడేదే: మనసులో విశ్వాసం ఉంటే చాలదా, నలుగురి ఎదుట జ్ఞానస్నానం పొందవలసిందేనా?

రాబర్ట్ నోబుల్ గారు 1809లో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో ఒక గురువు ఇంట పుట్టారు. కేంబ్రిడ్జిలో చదువుకున్నారు. 1841లో హెన్రీ ఫాక్స్ గారితో కలిసి చర్చి మిషనరీ సొసైటీ తరఫున మన దేశానికి వచ్చి బందరులో స్థిరపడ్డారు. ఫాక్స్ గారు ఊరూరా తిరిగి బోధించేవారు. ఆరోగ్యం చెడి 1848లో కన్నుమూశారు. నోబుల్ గారు మాత్రం ఒక్కచోటనే కూర్చుని పిల్లలకు పాఠం చెప్పే పని ఎంచుకున్నారు. 1843 నవంబరులో ఇంగ్లీషు బడి తెరిచారు. మొదట చేరినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. దొరగారు పెళ్ళి చేసుకోలేదు. చనిపోయేవరకు ఒక్కసారైనా స్వదేశం వెళ్ళలేదు.

ఆయన రాకముందే, 1836లో, ఆంథొనీ గ్రోవ్స్ గారి వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ గారలు బందరులో దిగి, తరువాత నరసాపురం వైపు వెళ్ళారు. వారిది బ్రదరన్ మార్గం. పసిబిడ్డలకు జ్ఞానస్నానం తగదని, విశ్వసించినవాడే నీటిలో మునగాలని వారి మాట. ఆ సంఘాలలో ప్రభువు బల్ల దగ్గర వాద్యం లేకుండా నోటితోనే పాడే ఆనవాయితీ ఉంది. ఆంగ్లికనులు పసిబిడ్డలకూ స్నానం ఇస్తారు, ఆర్గను పెడతారు. ఒకే డెల్టాలో ఈ రెండు పద్ధతులు పక్కపక్కనే పెరిగాయి. హార్మోనియం ఉండాలా, డప్పు ఉండాలా అని మన ఊళ్ళలో అప్పుడప్పుడు లేచే తగవులకు వేళ్ళు చాలా లోతున ఉన్నాయన్నమాట. మనకైతే 1963లో రెండవ వాటికన్ మహాసభ ఆర్గనును గౌరవిస్తూనే, పూజకు తగిన స్థానిక వాద్యాలకూ తలుపు తెరిచింది.

వాద్యాల తగవుతో మాట పట్టింపులే వస్తాయి. జ్ఞానస్నానం దగ్గర మాత్రం ఇళ్ళే విడిపోతాయి. 1852లో నోబుల్ గారి బడిలో జరిగింది అదే.

ఐనాల భూషణం, మంచాల రత్నం అనే ఇద్దరు విద్యార్థులు క్రీస్తును విశ్వసించి, జ్ఞానస్నానం కావాలని అడిగారు. ఇద్దరూ కులమర్యాద గల ఇళ్ళ బిడ్డలు. తొమ్మిదేళ్ళు దొరగారు బైబిలు చెప్పారు. ఊరి పెద్దలు సహించారు. చదువు కావాలి, ఉద్యోగాలు కావాలి గనుక బైబిలు పాఠం ఒక పక్కన నడిచిపోయింది. విశ్వాసం మనసులో ఉన్నంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. నీళ్ళు పడితే కులం పోతుంది. తల్లిదండ్రుల దృష్టిలో అది బిడ్డ చనిపోవడంతో సమానం. వారి దుఃఖాన్ని తక్కువగా చూడరాదు.

దొరగారు వాయిదా వేయవచ్చు. రహస్య విశ్వాసులుగా ఉండి చదువు ముగించుకోమని చెప్పవచ్చు. అలా చెబితే బడి నిలిచేది. ఆయన స్నానం ఇచ్చారు. ఊరు అట్టుడికిపోయింది. బడి దాదాపు ఖాళీ అయింది. తొమ్మిదేళ్ళ కష్టం బెంచీల రూపంలో మాత్రమే మిగిలింది. ఆయన మళ్ళీ మొదటినుంచి ఆరంభించారు. మెల్లమెల్లగా పిల్లలు తిరిగివచ్చారు. భూషణం, రత్నం గారలు తరువాత గురువులై సేవచేశారు.

జ్ఞానస్నానం కోరుకుంటూ, అది పొందకముందే మరణించినవానికి ఆ కోరికే రక్షణ కాగలదని మన శ్రీసభ బోధిస్తుంది. పొందే వీలుండి నష్టానికి భయపడి ఆగిపోవడం వేరు. ఇదీ తేలిక మాట కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హక్కులను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులైన దళితులకు వర్తింపజేయలేదు. జ్ఞానస్నానపు రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి నేటికీ వెనుకాడే కుటుంబాలకు 1852 నాటి బందరు పరాయి ఊరు కాదు.

నోబుల్ గారిలో లోపం లేకపోలేదు. ఆయన బడి అగ్రవర్ణాల కోసమే నడిచింది. మాల మాదిగ బిడ్డలకు ప్రవేశం దొరకలేదు. పైవారు మారితే కిందివారికి వెలుగు దిగివస్తుందని ఆయన లెక్క. లెక్క తప్పింది. 1859లో రాఘవాపురంలో డార్లింగ్ గారి ద్వారా జ్ఞానస్నానం పొందిన పగోలు వెంకయ్యగారు మాల కులస్థుడు. ఆ తరువాత కృష్ణా ప్రాంతంలో సంఘం పెరిగింది పేటలలోనే గాని అగ్రహారాలలో కాదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుకు సముద్రం బందరు మీదికి వచ్చింది. సుమారు 30,000 మంది పోయారని లెక్క. 1977 నవంబరు 19న పాలకాయతిప్ప మీదుగా లేచిన ఉప్పెనను చూసినవారికి దీనిని వివరించనక్కరలేదు. దొరగారు బతికి బయటపడ్డారు. అప్పటికే ఒళ్ళు చితికిపోయి ఉంది. విశ్రాంతికి వెళ్ళక, శిథిలమైన ఊరిలోనే ఉండి బడి నడిపారు. మరుసటి ఏడు, 1865 అక్టోబరు 17న, బందరులోనే ప్రాణం విడిచారు. బడి పెరిగి ఆయన పేరుతోనే కాలేజీ అయింది. బ్రహ్మసమాజీయులైన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు కూడా అందులో పాఠాలు చెప్పారు.