రావి నారాయణరెడ్డి గారు – యుద్ధం మన ఊళ్లకు నేర్పిన పాఠం

ఈ వార్షికోత్సవ సంచికలో ఎవరి జీవితం గురించి రాద్దామా అని ఆలోచిస్తే, మాకు మన పక్క భువనగిరి ప్రాంతపు మనిషే గుర్తుకొచ్చారు. ఆయనే రావి నారాయణరెడ్డి గారు. తెలంగాణ సాయుధ పోరాట నాయకుడిగా ఆయన అందరికీ తెలుసు. హాస్టల్ పిల్లలమైన మనకు ఆయనతో ఇంకో సంబంధం కూడా ఉంది.

ఆయన 1908లో బొల్లేపల్లిలో భూములున్న కుటుంబంలో పుట్టారు. 1930లో కాలేజీ చదువు వదిలేసి కాకినాడ వెళ్లి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు. తర్వాత హరిజన సేవా సంఘంలో చేరి దళిత పిల్లల కోసం బడులు, హాస్టళ్లు నడిపే పనిలో తిరిగారు. సంక్షేమ హాస్టళ్లు లేని ఆ కాలంలో అదెంత పెద్ద పనో మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత కమ్యూనిస్టు అయ్యారు. 1941లో చిలుకూరు ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు.

అప్పటికే రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. నిజాం బ్రిటిష్ వాళ్ల పక్షాన నిలిచాడు. నల్లగొండ రైతును ఎవరూ అడగలేదు. అయినా యుద్ధం అతని కల్లంలోకే వచ్చింది. ప్రభుత్వం లెవీ గల్లా వసూలు మొదలుపెట్టింది. లెక్క రాసేది పటేలు, పట్వారీలు. పెద్ద దొరలు లెవీ తప్పించుకుని, ధాన్యం దాచి, నల్లబజారులో అమ్ముకున్నారు. చిన్న రైతు మాత్రం తినే గింజలు కూడా కొలిచి ఇచ్చి, మళ్లీ ఎక్కువ ధరకు కొనుక్కున్నాడు. ఒకరికి కరువు, ఇంకొకరికి లాభం.

1944లో భువనగిరి మహాసభకు కూడా నారాయణరెడ్డి గారే అధ్యక్షులు. పేదలు చేరేందుకు వీలుగా సభ్యత్వ రుసుము 1 రూపాయి నుంచి 4 అణాలకు తగ్గింది. సంఘం వెట్టితోపాటు లెవీ అన్యాయం మీద కూడా ఊరూరా పోరాడింది. ఇక్కడ ఒక నిజం దాచకూడదు. 1941లో జర్మనీ సోవియట్ మీద దాడి చేశాక ఆయన పార్టీ ఆ యుద్ధాన్ని సమర్థించింది. హిట్లర్ ఓడాలన్నది సరైన మాటే. కానీ న్యాయమైన యుద్ధంలో కూడా లాభం గుంజేవాళ్లు ఉంటారని మన ఊళ్లు చూశాయి.

1948 తర్వాత సాయుధ పోరాటం ఆపాలని ఆయన తన పార్టీలోనే వాదించారు. 1951లో పోరాటం ఆగింది. 1952లో నల్లగొండ నుంచి 3 లక్షలకు పైగా ఓట్లతో, నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లతో, లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆయన సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1955లో బాండుంగ్ సమావేశం జరిగింది. అమెరికా, రష్యా కూటముల్లో దేనిలోనూ చేరకూడదన్న భారతదేశ విధానం అక్కడ ప్రపంచానికి తెలిసింది.

ఈ విధానాన్ని పరీక్ష కోసం చదివినప్పుడు మాకు అది ఢిల్లీ సంగతి అనిపించేది. లెవీ చరిత్ర చదివాకే అసలు అర్థం తెలిసింది. అమెరికాలో కూడా 1934లో సెనేటర్ నై కమిటీ, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధ కంపెనీలు పొందిన లాభాల మీద విచారణ జరిపింది. 1935లో అక్కడ తటస్థ చట్టం వచ్చింది. యుద్ధం ఎక్కడ జరిగినా సరుకు, అధికారం ఉన్నవాడు సంపాదిస్తాడు, లేనివాడు కడతాడు. కాబట్టి ఎవరి యుద్ధంలో చేరాలో, చేరకూడదో మనమే నిర్ణయించుకునే స్వేచ్ఛ ముందుగా పేదవాడికే అవసరం.

తటస్థం అంటే అన్యాయం చూసి ఊరుకోవడం కాదు. దొరకూ కూలికీ మధ్య నారాయణరెడ్డి గారు ఏనాడూ తటస్థంగా లేరు.

ఆయన 1991లో కన్నుమూశారు. 1992లో పద్మవిభూషణ్ ప్రకటించారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే పొద్దుతిరుగుడు నూనె ధర ఎలా పెరిగిందో మనందరికీ గుర్తుంది. తమ్ముళ్లూ, యుద్ధ వార్త చదివినప్పుడు ఎవరు గెలిచారని మాత్రమే కాదు, ఎవరు లాభపడ్డారు, ఎవరి కంచంలో మెతుకులు తగ్గాయి అని కూడా అడుగుదాం. ఆయనకు మనం ఇచ్చే నివాళి అదే.