అతిథి మనసెరిగిన మాయాబజారు: తాడిపత్రి కె.వి.రెడ్డి కథ

పారిస్ శివార్లలో 1992 ఏప్రిల్ 12న డిస్నీ థీమ్ పార్కు తెరుచుకుంది. కోట ఉంది, మిక్కీ మౌస్ ఉంది, అమెరికాలో జనాన్ని కట్టిపడేసిన రైడ్లూ ఉన్నాయి. ఒక్కటే లేదు... వైన్! పిల్లలు తిరిగే చోట మద్యం ఎందుకన్నది అమెరికా వాళ్ల ఆలోచన. మధ్యాహ్నం భోజనంతో ఓ గ్లాసు వైన్ తాగడం ఫ్రాన్స్‌లో మన మజ్జిగంత మామూలు సంగతి. యూరప్ వాళ్లు పొద్దున పెద్దగా తినరనుకుని హోటళ్లలో టిఫిన్ ఏర్పాట్లూ తగ్గించారు. తీరా చూస్తే పొద్దున్నే బారులు తీరిన క్యూలు. మరుసటి ఏడాదే వైన్ విషయంలో పార్కు మెట్టు దిగింది. అప్పులు మోస్తూ, పేరు మార్చుకుని, లాభం కళ్లజూడటానికి 1995 దాకా ఆగాల్సి వచ్చింది.

దానికి 35 ఏళ్ల ముందే, మద్రాసులో ఒక తెలుగు దర్శకుడు తెరమీద ఓ మాయా నగరం కట్టాడు. అందులోకి పెళ్లివారిని విడిదికి దించాడు. ఎన్ని పిండివంటలు ఉన్నా సరే, గోంగూర లేకపోతే మా ప్రభువులు ముద్ద ముట్టరని ఆ పెళ్లివారి మనుషులతో చెప్పించాడు. హస్తినాపురం నుంచి వచ్చిన కౌరవులకు గోంగూర ఏంటని హాల్లో ఒక్కరూ అడగలేదు. పడీపడీ నవ్వారు. ఆ సినిమా ‘మాయాబజార్’. ఆ దర్శకుడు మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి.

వేరే ఊరి మనిషికి, వేరే భాష మనిషికి, వేరే దేశం మనిషికి ఒక వింతను ఎలా చూపించాలి? థీమ్ పార్కులు కట్టేవాళ్లు కోట్లు పోసి నేర్చుకుంటున్న ఈ పాఠాన్ని ఆయన జీవితం చాలావరకు చెప్పేస్తుంది.

లెక్కల పుస్తకం నుంచి కెమెరా దాకా

కదిరి వెంకటరెడ్డి 1912 జులై 1న తాడిపత్రిలో పుట్టారు. పెన్న ఒడ్డున ఉన్నా, వానలకు మొహం వాచిన నేల అది. అయితే వింతలకు మాత్రం కరవు లేదు. చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతి రథం, బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో లింగం దగ్గర ఊరే నీటి ఊట, పూర్తికాకుండా ఆగిపోయినా చూపు తిప్పుకోనివ్వని గోపురాలు... విజయనగర కాలం శిల్పులు ఎండ మండే ఊళ్లో కట్టి వదిలిన అద్భుతాలవి.

మద్రాసులో సైన్స్ డిగ్రీ చదివిన కె.వి.రెడ్డి సినిమాల్లోకి వచ్చింది దర్శకుడిగా కాదు. ముందు డబ్బు లెక్కలు, తర్వాత నిర్మాణ వ్యవహారాలు. బి.ఎన్.రెడ్డి, మూలా నారాయణస్వామి వంటివాళ్లు నడిపిన వాహినీ సంస్థలో ప్రొడక్షన్ మేనేజర్‌గా ‘వందేమాతరం’ (1939) నాటి నుంచీ పనిచేశారు. ఏ సెట్టుకు ఎంత అవుతుంది, ఏ రోజు ఎవరు రావాలి, ఎంత ఫిల్ము ఖర్చవుతుంది... ఇవన్నీ ఆయన వేళ్లమీద ఉండేవి. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే, డిజైనర్ కాకముందే ప్రాజెక్ట్ మేనేజర్ అయ్యారన్నమాట.

తొలిసారి దర్శకత్వం వహించిన ‘భక్త పోతన’లో చిత్తూరు నాగయ్య పోతనగా నటించారు. సినిమా గొప్పగా ఆడింది. ఆ ఊపులో 1947లో ‘యోగి వేమన’ తీశారు. కదిరి దగ్గరి కటారుపల్లెలో సమాధి ఉన్న మన వేమన కథే. మెచ్చుకోళ్లు బాగా వచ్చాయి కానీ, పోతనకు వచ్చినంత జనం రాలేదు.

చాలామంది ఇక్కడ ప్రేక్షకుల్ని తిట్టుకుంటారు. కె.వి.రెడ్డి మాత్రం దారి మార్చారు.

లియర్ రాజుకు తెలుగు అల్లుళ్లు

1949లో వచ్చిన ‘గుణసుందరి కథ’కు మూలం షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’. ముసలి రాజు, ముగ్గురు కూతుళ్లు, ఎవరికి నా మీద ఎక్కువ ప్రేమ అనే పరీక్ష. ఇంతవరకే ఇంగ్లండు సరుకు. మన చిన్న కూతురు, పెళ్లయ్యాక ఆడపిల్లకు భర్తే ముఖ్యమని చెప్పి తండ్రి కోపానికి గురవుతుంది. ఇక అక్కణ్నుంచి గొప్పలకు పోయే పెద్దల్లుళ్లు, అవిటివాడిగా కనిపించే చిన్నల్లుడు, మహేంద్రమణి కోసం ప్రయాణం... అంతా మన అరుగుల మీద చెప్పుకునే కథే. లియర్ ఎవరో తెలియని ఊళ్లలో కూడా ఆ సినిమా ఆడింది.

1951లో విజయా సంస్థకు తీసిన ‘పాతాళ భైరవి’ది ఇంకో మెట్టు. కాశీమజిలీ కథల వాసన, అల్లావుద్దీన్ దీపం లాంటి ఊహ, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్‌ట్లే కెమెరా. తోటమాలి కొడుకు రాకుమారిని కోరుకుంటాడు, మాంత్రికుడి మాయలో పడతాడు, తన తెలివితో బయటపడతాడు. ఎన్టీఆర్‌ను జనంలోకి తీసుకెళ్లింది ఈ తోటరాముడే. ఈ కథ తమిళంలోకి, హిందీలోకి కూడా వెళ్లింది. 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు.

మాయలూ మంత్రాలే వచ్చనుకుంటే పొరపాటే. 1954లో ‘పెద్ద మనుషులు’ తీశారు. నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం ‘పిల్లర్స్ ఆఫ్ సొసైటీ’ ఛాయల్లో, ఊరి పెద్దల ముసుగులు తీసిన సాంఘిక చిత్రం అది. మరుసటి ఏడాది అన్నపూర్ణ సంస్థ తొలి సినిమా ‘దొంగరాముడు’ కూడా ఆయనదే. ఎక్కడి సరుకైనా తెచ్చుకో, వండేది మాత్రం మన పొయ్యి మీద వండు. కె.వి.రెడ్డి పద్ధతి ఇదే.

స్టాప్‌వాచ్ పట్టుకున్న మాంత్రికుడు

ఆయన పనితీరు చూస్తే టెక్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు బాగా తెలిసినట్టే అనిపిస్తుంది. స్క్రిప్టు మొత్తం చేతికి రానిదే షూటింగ్ మొదలుపెట్టేవారు కాదు. స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సన్నివేశం ఎన్ని నిమిషాలు వస్తుందో ముందే కొలిచేవారు. రిహార్సళ్లు చేయించేవారు. సినిమా ఎంత నిడివి వస్తుందో కెమెరా తిరగకముందే ఆయనకు తెలిసేది. ప్రేక్షకుడు ఎక్కడ నవ్వాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ కుర్చీ అంచుకు రావాలి... అన్నిటికీ లెక్కే.

మంచి థీమ్ పార్కు కూడా ఇలాగే నడుస్తుంది. రైడ్ మూడు నిమిషాలే. దానికోసం క్యూలో నిలబడే గంటసేపు మనిషికి విసుగు పుట్టకుండా చూడటమే అసలు డిజైన్. ఆ గంటను ఒక్కో దేశం వాళ్లు ఒక్కోలా గడుపుతారు.

తెరమీద మన తొలి థీమ్ పార్కు

కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ 1955 జులై 17న తెరిచారు. ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. ఒకదానికి ఇంకోదానితో సంబంధం లేదు. కానీ ఘటోత్కచుడి మనుషులు కౌరవుల కోసం కట్టింది అచ్చంగా థీమ్ పార్కే. అతిథుల కోసం రాత్రికి రాత్రి లేచిన నగరం, వీధులు, విడిది ఇళ్లు, ఆటపాటలు. దానంతటదే చుట్టుకుపోయే కంబళి గింబళి, పడుకున్నవాళ్లను గిరగిరా తిప్పి కిందపడేసే తల్పం గిల్పం. అల్లు రామలింగయ్య, వంగర వెంకటసుబ్బయ్య పడే అవస్థలు రైడ్ ఎక్కినవాళ్ల అవస్థల్లాంటివే. మనకు ఇష్టమైనవాళ్లను చూపించే ప్రియదర్శిని పెట్టె ఇవాళ్టి వీడియో కాల్‌కు తాత. ఎక్కినవాళ్లతో నిజం కక్కించే సత్యపీఠం ఉండనే ఉంది.

పాండవుల కథలో పాండవులే కనిపించకపోవడం ఇంకో విశేషం. భారతం తెలిసిన జనానికి వాళ్లను చూపించక్కర్లేదని దర్శకుడికి తెలుసు. అతిథికి ముందే తెలిసినదాన్ని మళ్లీ చెప్పలేదు, అంతే. ఆ జాగాను పెళ్లింటి సందడికి వాడుకున్నారు. శశిరేఖా పరిణయం మనవాళ్లు నాటకాల్లో చూసి చూసి ఉన్నదే. అందులో వియ్యాలవారి అలకలు, వంటల వాదనలు, పెళ్లికొడుకు ఆర్భాటం చేరేసరికి పురాణం కాస్తా పక్కింటి పెళ్లయింది.

అసలు తెలివి తమిళ వెర్షన్లో కనిపిస్తుంది. ఆ ‘మాయాబజార్’ 1957 ఏప్రిల్ 12న వచ్చింది. దానికీ కె.వి.రెడ్డే దర్శకుడు. కృష్ణుడు ఎన్టీఆర్, ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు, నాయిక సావిత్రి... వీళ్లు రెండింటిలోనూ ఉన్నారు. కానీ శశిరేఖ అక్కడ వత్సల అయింది. అభిమన్యుడిగా అక్కినేని బదులు జెమినీ గణేశన్ వచ్చారు. శకునిగా సీఎస్సార్ బదులు నంబియార్. లక్ష్మణకుమారుడిగా రేలంగి బదులు తంగవేలు. మాటలు, పాటలు తంజై రామయ్యదాస్ రాశారు.

ఈ జాబితాను ఒకసారి నెమ్మదిగా చూడండి. మాయలు, సెట్లు, రాక్షసుడి ఆకలి ఏ భాషవాళ్లకైనా ఒకటే. వాటిని అలాగే ఉంచారు. నవ్వు మాత్రం ఊరు దాటితే మారిపోతుంది. అందుకే నవ్వించే పెళ్లికొడుకుగా అక్కడి జనం మెచ్చిన నటుణ్నే పెట్టారు. ఏది మార్చాలి, ఏది మార్చకూడదు... లోకలైజేషన్ అంటే మొత్తం ఇదే.

ప్రపంచం నేర్చుకున్న పాఠం

ఇదే పాఠం థీమ్ పార్కులకు ఒక్కో దేశంలో ఒక్కోలా ఎదురైంది. టోక్యో డిస్నీల్యాండ్ 1983 ఏప్రిల్ 15న తెరిచారు. అక్కడివాళ్లు జపాన్ రంగు పులమమని అడగలేదు. అసలైన అమెరికానే కావాలన్నారు. అయినా వానలు పడే దేశం కాబట్టి ముందుండే బజారు వీధికి పైకప్పు వేశారు. ఊరెళ్లినవాళ్లు ఇంటివాళ్లకీ, ఆఫీసువాళ్లకీ తప్పకుండా ఏదో ఒకటి తేవడం జపాన్ ఆచారం. కాబట్టి అక్కడ బహుమతుల దుకాణాలే పెద్ద ఆకర్షణ. తిరుపతి వెళ్లొచ్చి లడ్డూ పంచే మనకు ఆ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

2005లో హాంకాంగ్ పార్కు కట్టినప్పుడు ఫెంగ్‌షుయ్ ప్రకారం ప్రవేశద్వారం దిక్కును కాస్త తిప్పారు. మన వాస్తు లాంటిదే. 2016లో తెరిచిన షాంఘై పార్కులో అమెరికా పల్లెటూరి వీధి ఉండదు. దాని బదులు చైనా రాశిచక్రంలోని 12 జంతువులను డిస్నీ బొమ్మలతో చూపించే తోట ఉంది. పారిస్ దెబ్బ ఊరికే పోలేదన్నమాట.

మన దగ్గర 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. సినిమా సెట్లే అక్కడ చూడాల్సిన వింత. తెలుగువాడికి సినిమా మీదున్న ప్రేమే అక్కడ రైడ్. నానమ్మ నుంచి మనవరాలి దాకా ఒకే గుంపుగా వచ్చే మన కుటుంబానికి రోలర్ కోస్టర్ ఎంత ముఖ్యమో, నీడలో కూర్చునే అరుగూ అంతే ముఖ్యం.

జనం మారినప్పుడు

‘జగదేకవీరుని కథ’ (1961), ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ (1963) దాకా కె.వి.రెడ్డి మాట చెల్లింది. తర్వాత గాలి మారింది. ‘సత్య హరిశ్చంద్ర’ (1965) ఆశించినట్టు ఆడలేదు. 1968లో వచ్చిన ‘ఉమాచండీ గౌరీశంకరుల కథ’, ‘భాగ్యచక్రం’ రెండూ నిరాశపరిచాయి. స్టాప్‌వాచ్ అదే, శ్రద్ధ అదే, పనితనం అదే. ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి మారిపోయాడు. ‘పాతాళ భైరవి’ చూసి పెరిగిన పిల్లలు పెద్దవాళ్లై వేరే కథలు అడుగుతున్నారు.

ఆయన కథలో అందరికంటే మనకు గట్టిగా తగిలేది ఈ భాగమే. ప్రేక్షకుణ్ని అంత బాగా చదివిన మనిషికే ఆ చదువు పాతబడింది. అతిథిని ఒకసారి అర్థం చేసుకుంటే సరిపోదు. ఏటేటా కొత్తగా అర్థం చేసుకోవాలి. దేశాల మధ్యే కాదు, ఒకే ఊళ్లో రెండు తరాల మధ్య కూడా సరిహద్దు ఉంటుంది.

చివరికి ఎన్టీఆర్ సొంత సంస్థకు ‘శ్రీకృష్ణసత్య’ తీశారు. 1971 చివర్లో అది విడుదలైంది. మరుసటి ఏడాది సెప్టెంబరు 15న, 60 ఏళ్ల వయసులో కె.వి.రెడ్డి కన్నుమూశారు. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు తర్వాతి రోజుల్లో మాటల్లేని ‘పుష్పక విమానం’, కాలంలో ప్రయాణించే ‘ఆదిత్య 369’ తీశారు. ‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేస్తే, అప్పటి పిల్లలు కూడా లడ్లు ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తుంటే కేరింతలు కొట్టారు.

మీరు ఈ రంగంలోకి వెళ్లాలనుకుంటే

గేమ్స్, వీఎఫ్ఎక్స్, వీఆర్, థీమ్ పార్కులు, యాప్ డిజైన్... తాడిపత్రి నుంచి బెంగళూరు, హైదరాబాద్ బస్సెక్కే ఇంజినీరింగ్ కుర్రాళ్లు, అమ్మాయిలు చాలామంది చేరేది ఇలాంటి పనుల్లోకే. కోడింగ్ ఎవరైనా నేర్పుతారు. కె.వి.రెడ్డి జీవితం నుంచి ఈ నాలుగూ పట్టుకెళ్లండి.

• బయటి ఐడియా తెచ్చుకోవడం తప్పుకాదు. దాన్ని మీ అతిథి ఇంటి కథగా మార్చారా లేదా అన్నదే ప్రశ్న.

• ఒక ప్రొడక్టును ఇంకో భాషకు తీసుకెళ్లేటప్పుడు రెండు జాబితాలు రాసుకోండి. మార్చకూడనివి ఒకటి, మార్చి తీరాల్సినవి ఇంకొకటి. తిండి, నవ్వు, చుట్టరికం దాదాపు ఎప్పుడూ రెండో జాబితాలోనే ఉంటాయి.

• ఊహకు రెక్కలుండాలి, పనికి స్టాప్‌వాచ్ ఉండాలి. బడ్జెట్, సమయం తెలిసినవాడి మాయే బయటికొస్తుంది.

• నిన్నటి హిట్టు నిన్నటి మనుషుల కోసం. ఇవాళ వచ్చినవాళ్లను మళ్లీ మొదట్నుంచి గమనించండి.

సెలవుల్లో ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ‘మాయాబజార్’ మళ్లీ పెట్టండి. ఈసారి తెరవైపు కాకుండా చూసేవాళ్ల వైపు చూడండి. తాత ఎక్కడ నవ్వుతున్నాడు, చెల్లి ఎక్కడ ఫోన్ పక్కన పెట్టింది, అమ్మ ఏ డైలాగు ముందే అందుకుంది... నోట్‌బుక్‌లో రాసుకోండి. కాలేజీలో ఎవరూ ఇవ్వని ప్రాజెక్టు వర్క్ అది.