తుఫాను తర్వాత నలభై ఏళ్లు

జాన్ న్యూటన్ కథ వినని సంఘం మనలో ఉండదు. బానిసల ఓడ కెప్టెన్ తుఫానులో చిక్కుకున్నాడు, ప్రభువుకు మొర్రపెట్టాడు, రక్షణ పొందాడు, ఆ వ్యాపారం వదిలేసి “అమేజింగ్ గ్రేస్” రాశాడు. నేనూ చాలా ఏళ్లు ప్రసంగ వేదిక మీద ఇలాగే చెప్పాను. వింటున్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకునేవారు కూడా. ఆ తర్వాత ఆయన జీవిత చరిత్ర తీరిగ్గా చదివితే తెలిసింది, నేను చెప్పిన కథలో వరుస తప్పు. తుఫాను వచ్చే నాటికి ఆయన కెప్టెన్ కాడు. కెప్టెన్ అయింది రక్షణ పొందాకే.

ప్రియ చదువరులారా, ఈ ఒక్క సంగతి మీద కాసేపు ఆగుదాం.

న్యూటన్ 1725లో లండన్‌లో పుట్టాడు. తండ్రి ఓడల మీద తిరిగేవాడు. తల్లి భక్తిపరురాలు, కొడుక్కి వాక్యం, కీర్తనలు నేర్పింది. అయితే అతనికి ఏడేళ్లు నిండకముందే క్షయతో చనిపోయింది. పదకొండో ఏట తండ్రితో సముద్రం ఎక్కాడు. తరువాత బలవంతంగా నౌకాదళంలో చేర్చుకుంటే పారిపోయాడు, పట్టుబడి కొరడా దెబ్బలు తిన్నాడు. చివరికి పశ్చిమ ఆఫ్రికా తీరాన ఒక బానిసల వర్తకుని దగ్గర చేరి, ఆ ఇంట్లో ఆకలితో, జ్వరంతో, బానిసల కంటే హీనంగా బతికాడు. బానిసలే దయతలచి తమ తిండిలో కొంత పెట్టారని ఆయనే తర్వాత రాసుకున్నాడు. ఆ తిండి పెట్టినవాళ్లను గుర్తుంచుకోండి.

తండ్రి స్నేహితుని ఓడ ఒకటి అతన్ని వెదికి ఎక్కించుకుంది. ఇంగ్లండుకు తిరిగి వస్తుండగా 1748 మార్చి 21న తుఫాను కొట్టింది. ఓడ పక్క చెక్కలు ఊడి నీళ్లు నిండుతుంటే, ఏళ్ల తరబడి దేవుణ్ణి వెక్కిరించిన నోట ప్రార్థన వచ్చింది. బతికినంత కాలం ఆ తేదీని ఆయన ఉపవాస ప్రార్థనలతో జ్ఞాపకం చేసుకున్నాడు. మన సంఘాల్లో సాక్ష్యం అక్కడితో ముగుస్తుంది. తేదీ చెబుతాం, హల్లెలూయ అంటాం, కూర్చుంటాం.

అదే సంవత్సరం న్యూటన్ బానిసల ఓడలో రెండవ అధికారిగా ఆఫ్రికాకు బయలుదేరాడు. 1750లో తాను ప్రేమించిన మేరీని పెళ్లి చేసుకున్నాడు. అప్పటి నుండి 1754 వరకు మూడుసార్లు కెప్టెన్‌గా వెళ్లాడు. ఆదివారాల్లో నావికులను సమకూర్చి ఆరాధన జరిపించేవాడు. గదిలో బైబిలు చదువుకునేవాడు, భార్యకు ప్రేమగా ఉత్తరాలు రాసేవాడు. ఆయన పాదాల కింద, ఓడ అడుగున, మనుషులు ఇద్దరిద్దరుగా గొలుసులతో కట్టబడి, అరలో పుస్తకాలు పేర్చినట్టు పడుకోబెట్టబడి ఉన్నారు. తిరుగుబాటు జరగబోతోందని అనుమానం వచ్చినప్పుడు, కొందరు పిల్లల బొటనవేళ్లను ఇనుప మరలో బిగించి నిజం రాబట్టినట్టు ఆయన తన ఓడ దినచర్యలోనే రాసుకున్నాడు. రక్షణ పొంది అప్పటికి నాలుగేళ్లు దాటింది.

మరి ఆ రక్షణ అబద్ధమా? కాదనే నేను నమ్ముతాను. మనల్ని నీతిమంతులుగా తీర్చడం దేవుడు ఒక్క క్షణంలో చేస్తాడు. పరిశుద్ధపరచడం అలా కాదు. ఆత్మ దేవుడు ఒక ఇంట్లోకి వచ్చి గది తర్వాత గది తెరుస్తూ వెళ్తాడు. న్యూటన్ విషయంలో బూతు మాటలు తొందరగానే పోయాయి. ప్రార్థన, వాక్య ధ్యానం కుదిరాయి. జీతం వచ్చే గది మాత్రం అన్నిటికంటే ఆఖరున తెరుచుకుంది. ఎందుకంటే ఆ రోజుల్లో అది గౌరవమైన ఉద్యోగం, చుట్టూ ఉన్న విశ్వాసుల్లో చాలామందికి అందులో తప్పు కనబడలేదు. మన మధ్య కట్నం అలాంటిదే. సంబంధం అనగానే మొదట కులం అడగడం, అప్పిచ్చి పీల్చే వడ్డీ కూడా అలాంటివే. ఆదివారం ఆరాధనకు ఇవేవీ అడ్డు రావు.

ఆ గొలుసుల పనితో మనసు నొచ్చి మరో ఉపాధి చూపించమని తాను ప్రార్థించినట్టు న్యూటన్ రాశాడు. 1754లో, ఓడ బయలుదేరడానికి రెండు రోజుల ముందు, భార్యతో టీ తాగుతుండగా మూర్ఛ వచ్చి పడిపోయాడు. సముద్రం అలా ఆగింది. ఆయన వదలలేదు, ఆపబడ్డాడు. తర్వాత లివర్‌పూల్ రేవులో సుంకాల అధికారిగా పనిచేస్తూ గ్రీకు, హెబ్రీ నేర్చుకున్నాడు. అభిషేకం ఇవ్వడానికి చర్చి పెద్దలు కొన్నేళ్లు నిరాకరించారు. చివరకు 1764లో ఓల్నీ అనే చిన్న ఊరికి కాపరి అయ్యాడు. 1773 జనవరి 1న, క్రొత్త సంవత్సర ఆరాధన కోసం, మనం పాడే ఆ కృపాగీతాన్ని రాశాడు. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ ఆయన కరపత్రం వెలువడడానికి అప్పటికింకా 15 ఏళ్లున్నాయి.

ఓల్నీలో ఆయన చదువుకునే గది గోడ మీద రెండు వచనాలు రాయించుకున్నాడు. ఒకటి యెషయా 43వ అధ్యాయంలోది. రెండవది ద్వితీయోపదేశకాండము 15:15, ఐగుప్తులో నీవు దాసుడవై ఉన్న సంగతి మరువకుమని చెప్పే వచనం. తన గతాన్ని మరచిపోకూడదని రాయించుకున్నాడు. బైబిలు తెరిచి దానికి ముందున్న మూడు వచనాలు చదవండి. దాసుణ్ణి ఏడవ ఏట విడిచిపెట్టాలి, వట్టి చేతులతో పంపకూడదు, మందలోనుండి, కళ్లములోనుండి, ద్రాక్షగానుగలోనుండి ఇచ్చి పంపాలి అన్న ఆజ్ఞ అక్కడే ఉంది. ఏళ్ల తరబడి ఆ గోడకెదురుగా కూర్చుని ఆయన ప్రసంగాలు సిద్ధపరచుకున్నాడు. వాక్యం గోడ మీద ఉంది. మనిషిలోకి దిగడానికి సమయం పట్టింది.

1780లో లండన్‌కు మారాడు. 1785 డిసెంబరులో విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు రహస్యంగా ఆయన్ను కలవడానికి వచ్చాడు. క్రొత్తగా విశ్వాసంలోకి వచ్చాడు, రాజకీయాలు మానేయాలా అన్న కలతలో ఉన్నాడు. మానవద్దనీ, దేవుడు ఆ స్థానంలోనే వాడుకుంటాడనీ న్యూటన్ ధైర్యం చెప్పాడు. మూడేళ్లకు, 1788లో, తన కరపత్రం ప్రచురించాడు. ఒకప్పుడు తాను చేసిన పనిని తలచుకుంటే గుండె వణుకుతోందనీ, ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యంగా వచ్చిందనీ అందులో దాచుకోకుండా రాశాడు. ప్రభుత్వ విచారణ ముందు నిలబడి ఓడ అడుగున ఏం జరిగేదో సాక్ష్యం చెప్పాడు. తుఫాను నుండి లెక్కపెడితే సరిగ్గా నలభై ఏళ్లు. ఈ రెండవ సాక్ష్యం గురించి మనం ప్రసంగాల్లో ఎందుకో చెప్పుకోం.

కళ్లు మసకబారినా, జ్ఞాపకం తప్పుతున్నా 1806 వరకు ప్రసంగిస్తూనే ఉన్నాడు. 1807 మార్చిలో బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అదే సంవత్సరం డిసెంబరు 21న న్యూటన్ ప్రభువునందు నిద్రించాడు. ఆ చట్టం వ్యాపారాన్ని మాత్రమే ఆపింది. ఆయన ఓడలు మనుషులను దింపిన ఆంటిగ్వా, సెయింట్ కిట్స్ ద్వీపాల్లో చెరకు తోటలు అలాగే నడిచాయి. అక్కడి బానిసల విడుదలకు చట్టం 1833లో వచ్చింది.