రాజా దీనదయాళ్

రాతికట్టడములు శాశ్వతములని మనము తలంతుము. కాని ఎండకు, వానకు, వరదకు, మనుష్యుల అశ్రద్ధకు రాళ్లును లొంగును. ఒకనాడు సభలు తీరిన మండపము మరియొకనాటికి మొండిగోడగా మిగులవచ్చును. వేలకొలది జనులు నడచిన వంతెన ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోవచ్చును. అట్లు నశించినవాని రూపము తరువాతి తరములవారికి తెలియుట ఎట్లు? వర్ణనలవలన కొంత తెలియును. చేతితో గీసిన చిత్రములవలన మరికొంత తెలియును. ఉన్నదానిని ఉన్నట్లు చూపగల సాధనము మాత్రము పందొమ్మిదవ శతాబ్దముననే లోకమునకు లభించెను. అదియే ఛాయాచిత్రము. ఆ సాధనమును చేపట్టి, మన దేశమందలి కోటలను, ఆలయములను, నగరములను గాజుపలకలపై నిలిపిన మహనీయుడు రాజా దీనదయాళ్. ఉత్తరాదిలో పుట్టినను, హైదరాబాదు నగరమే ఆయనకు కర్మభూమి యయ్యెను.

దీనదయాళ్ 1844వ సంవత్సరమున మీరటునకు సమీపముననున్న సర్ధనా అను ఊరిలో ఒక జైన కుటుంబమున జన్మించెను. ఆయన వంశమువారు నగల వ్యాపారులు. ఆయన మాత్రము ఆ వృత్తిని అవలంబింపక రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరెను. 1847లో స్థాపింపబడిన ఈ విద్యాలయము మన దేశమున ఇంజనీరింగు విద్యకు మొదటి నిలయము. భూమిని కొలుచుట, కట్టడముల నమూనాలు గీయుట, వ్యయము అంచనా వేయుట అచ్చట నేర్పు విద్యలు. ఈ చదువునకును ఛాయాచిత్రకళకును సంబంధము లేనట్లు తోచును. కాని కట్టడము నెచ్చట నిలిచి చూచిన దాని పొందిక తెలియునో ఎరిగిన కన్ను ఆయనకు ఈ చదువువలననే అలవడెను.

చదువు ముగిసిన పిమ్మట 1866లో ఆయన ఇందూరు నగరమున ప్రభుత్వ మరమ్మతుల శాఖలో ఉద్యోగమున ప్రవేశించెను. నమూనాలు గీయుట, అంచనాలు తయారుచేయుట అచ్చట ఆయన పని. 1874 ప్రాంతమున, ముప్పదియేండ్ల వయస్సున, ఆయన మనస్సు ఛాయాచిత్రకళపై లగ్నమయ్యెను. పగలెల్ల కచేరీ పని చేయుచు, తీరిక వేళలందు ఈ కొత్త విద్యను సాధించెను. ఇందూరు పాలకుడగు తుకోజీరావు హోల్కరును, మధ్య భారతమున బ్రిటిషు ప్రతినిధిగానున్న సర్ హెన్రీ డేలీయు ఆయనను ప్రోత్సహించిరి.

ఆనాటి ఛాయాచిత్రకళ నేటివలె సులభసాధ్యము కాదు. కెమేరా ఒక పెద్ద కొయ్యపెట్టె. అది మూడుకాళ్ల పీటపై నిలుపబడును. చిన్న చిత్రమును పెద్దదిగా చేయు పద్ధతి అప్పటికి అంతగా వాడుకలో లేదు. గాజుపలక ఎంత పెద్దదో చిత్రమును అంతే. కావున పెద్ద చిత్రము కావలెనన్న పెద్ద పలకయు, దానికి తగిన పెద్ద పెట్టెయు మోయవలయును. ఆయన ఈ విద్య నేర్చిన దినములలో గాజుపలకపై కొలోడియను అను జిగురును పూసి, వెండి లవణపు ద్రావకములో ముంచి, ఆ తడి ఆరకమునుపే చిత్రము తీయవలసియుండెను. తీసిన వెంటనే దానిని రసాయనములతో కడుగవలయును. ఈ పనికి చీకటి కావలెను గనుక, చిత్రకారుడు వెళ్లిన ప్రతి చోటికిని ఒక చీకటి గుడారము వెంట రావలయును. గాజుపలకలు, సీసాలు, కడుగుటకు నీరు, ఇవన్నియు బండ్లపైనను కూలీల తలలపైనను సాగవలయును. వేసవి వేడిమికి పూత త్వరగా ఆరిపోవును. దుమ్ము పడినచో మచ్చ యేర్పడును. పలక జారినచో శ్రమయంతయు వ్యర్థమగును. 1880 తరువాత ముందుగా సిద్ధముచేసిన పొడిపలకలు వ్యాప్తిలోనికి వచ్చినందున ఈ కష్టము కొంత తగ్గెను. అయినను బరువును, గాజు పగులునను భయమును తగ్గలేదు.

కట్టడములను చిత్రించుటలో మరియొక చిక్కు కలదు. ఎత్తైన గోపురమునకై కెమేరాను పైకి వంచినచో, నిలువు గోడలు పైకి పోనుపోను ఒకదానివైపు మరియొకటి ఒరిగినట్లు కనబడును. అట్లు కాకుండుటకు పెట్టెను సమముగా నిలిపి, ముందుపలకతో పాటు కటకమును మాత్రము పైకి జరుపవలయును. నల్లగుడ్డ క్రింద తల దూర్చి, గరుకుగాజుపై తలక్రిందుగా పడు బింబమును చూచుచు ఈ పనియంతయు చేయవలయును. ఏ వేళ ఎండ ఏ వైపునుండి పడిన చెక్కడపు పని స్పష్టమగునో కనిపెట్టి, ఆ వేళ వచ్చువరకు వేచియుండవలయును. దీనదయాళ్ చిత్రములలో స్తంభములు నిటారుగా నిలుచును. చెక్కడములు వెలుగునీడలతో తేటపడును. కొన్ని చిత్రములలో కట్టడముచెంత ఒక మనిషి నిలిచియుండును. అతని నెత్తునుబట్టి కట్టడపు కొలతను చూపరులు గ్రహింపగలరు.

డేలీ తరువాత ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1882 ప్రాంతమున దీనదయాళును వెంటబెట్టుకొని బుందేల్‌ఖండు మొదలగు ప్రాంతముల సంచరించెను. గ్వాలియరు కోట, ఖజురాహో ఆలయములు, సాంచీ స్తూపము మున్నగువాని చిత్రములు ఈ కాలమున తీయబడెను. గ్రిఫిన్ వ్రాసిన వివరణలతో అవి 1886లో గ్రంథరూపమున ప్రకటింపబడెను. పండితులు ఆ గ్రంథమును చూచి, దూరదేశములనుండియే మన శిల్పమును పరిశీలింపగలిగిరి.

ఈ దశలో దీనదయాళునకు ఒక ధర్మసంకట మెదురయ్యెను. ఒకవైపున నెలనెల జీతమిచ్చు ప్రభుత్వోద్యోగము. మరియొకవైపున ఎంత ఖర్చు పెట్టినను చాలని కళ. చిత్రించవలసిన కట్టడములు దేశమంతట వ్యాపించియుండెను. సెలవుదినములు ఆ పనికి చాలవు. ఆయన రెండేండ్ల దీర్ఘకాలపు సెలవు తీసికొని తాను తలపెట్టిన చిత్రములకై పాటుపడెను. సెలవు ముగిసిన పిమ్మట తిరిగి కచేరీకి పోక, ఉద్యోగమునుండి విరమించుకొనెను. ఇరువదియేండ్ల కొలువును విడిచి, నలుబదియేండ్లు దాటిన వయస్సున గాజుపలకలనే నమ్ముకొనుట సామాన్యమగు సాహసము కాదు.

ఆ కాలముననే ఆయనకు హైదరాబాదుతో సంబంధ మేర్పడెను. 1886 ప్రాంతమున ఆయన సికింద్రాబాదున చిత్రశాలను నెలకొల్పెను. ఆరవ నిజామగు మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించెను. రాజసభలు, వేటలు, సైనిక విన్యాసములు, ప్రముఖుల రూపములు చిత్రించుటతో పాటు, ఆయన నిజాము రాజ్యమందలి ప్రాచీన నిర్మాణములను విస్మరింపలేదు. 1591లో కట్టబడిన చార్మినారును, గోల్కొండ కోటను, కుతుబ్‌షాహీల సమాధులను, కాకతీయుల ఓరుగల్లును, అప్పుడు నిజాము ఏలుబడిలోనున్న ఎల్లోరా గుహలను ఆయన చిత్రించెను. ఆలయమనియు సమాధియనియు భేదము పాటింపక, మంచి పనితనము కనబడిన ప్రతి చోటను ఆయన తన కెమేరాను నిలిపెను.

1892లో ఆయన హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగా ఒక చిత్రశాలను తెరిచెను. ఘోషా పాటించు స్త్రీలు పరపురుషుల యెదుట కూర్చుండరు గనుక, అచ్చటి పనిని ఒక ఆంగ్లవనిత నిర్వహించెను. 1894లో నిజాము ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదమును ప్రసాదించెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడని అర్థము. తరువాత బొంబాయిలో కూడ ఆయన చిత్రశాల వెలసెను. కుమారులు జ్ఞానచంద్, ధరంచంద్ అనువారు తండ్రికి చేదోడుగా నుండిరి.

అయినను చివరి దినములు ఆయనకు దుఃఖమును తెచ్చెను. 1904లో కుమారుడగు ధరంచంద్ మరణించెను. మరుసటి సంవత్సరము, 1905 జూలై 5వ తేదీన, దీనదయాళ్ కూడ కన్నుమూసెను.

ఆయన మరణించిన మూడేండ్లకు హైదరాబాదున ఒక ఘోరవిపత్తు సంభవించెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి నగరముపై విరుచుకొనిపడెను. వేలాది జనులు మరణించిరి. ఏటియొడ్డు పేటలు నేలమట్టమయ్యెను. అఫ్జల్‌గంజు వైద్యశాల కూలిపోయెను. ఆ వరదలో పాత నగరములో కొంత భాగము కంటికి కనబడకుండ పోయెను. అప్పుడే దీనదయాళ్ కృషియొక్క విలువ వ్యక్తమయ్యెను. వరదకు ముందటి హైదరాబాదు నేటికిని ఆయన పలకలపై నిలిచియున్నది. నీటికి, కాలమునకు లొంగిన రాతిని, పగులు స్వభావము గల గాజు కాపాడినది!

ఆ పలకలలో 2,800కు పైగా 1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకముగా ఒక తపాలాబిళ్లను వెలువరించినది.

కోటలు కట్టించిన రాజులను చరిత్ర స్మరించును. ఆ కోటల రూపమును భావితరములకు అందించిన వానిని కూడ మనము స్మరింపవలయును. ఆయన సంపద గొప్ప యంత్రము కాదు. ఎండ తగిన చోటికి వచ్చువరకు వేచియుండు ఓర్పు. పూర్వుల కట్టడము కనబడినప్పుడు ఒక్క క్షణము నిలిచి, శ్రద్ధతో చూచుట నేర్చుకొన్న బాలబాలికలే ఆయనకు నిజమైన వారసులు.