పాలేరు నుంచి కారు పేరు దాకా

బొమ్మ కార్లు సేకరించేవారికి నాష్ పేరు బాగా తెలుసు. ఇంగ్లాండులో డింకీ సంస్థ చేసిన నాష్ రాంబ్లర్ అరచేతిలో ఇమిడిపోతుంది. ఆ పేరు వెనుక ఉన్న మనిషి గురించి చెప్పాలనుకున్నాం.

చార్లెస్ నాష్ 1864లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో జన్మించారు. ఆరేళ్లకే తల్లిదండ్రులు విడిపోయి, ఆయన దిక్కులేనివారయ్యారు. 21 ఏళ్లు నిండేదాకా మిచిగన్‌లో ఒక రైతు దగ్గర పనిచేయాలని కోర్టు కట్టడి చేసింది. మన ఊళ్లలో జీతానికి పెట్టడం లాంటిదే. 12వ ఏట అక్కడి నుంచి పారిపోయి, వేరే పొలాల్లో కూలి చేసుకుని బతికారు. పెద్దయ్యాక ఫ్లింట్ పట్టణంలో గుర్రపు బండ్ల కర్మాగారంలో చేరారు. సీట్ల మెత్తలు నింపే పని, రోజుకు 1 డాలరు కూలి. క్రమంగా అక్కడే జనరల్ మేనేజరయ్యారు. 1910లో బ్యూక్‌కు, 1912లో జనరల్ మోటార్స్‌కు అధ్యక్షులయ్యారు. 1916లో ఆ పదవి వదిలి, కెనోషాలోని జెఫరీ కంపెనీని కొని, దానికి తన పేరు పెట్టారు.

ఆయన 1948లో కన్నుమూశారు. 1957లో నాష్ కార్ల తయారీ ఆగిపోయింది. ఇప్పుడా పేరు పాత కార్ల మీద, బొమ్మ కార్ల మీద మిగిలింది.

మా ఇళ్లలోనూ జీతం ఉన్నవారున్నారు. అందుకే ఈ కథలో మాకు ఎప్పుడూ గుర్తుండేది ఆ 12వ ఏటి అడుగే. పొలం గట్టు దాటి బడికొచ్చిన మనకు దాని బరువు తెలుసు.