బున్సెన్ మహాశయుడు

విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలో అడుగిడిన బాలబాలికలకు మొట్టమొదట కానవచ్చు పరికరములలో, బల్లపై నిలువుగా నుండు లోహపు గొట్టమొకటి కలదు. దానికి బున్సెన్ బర్నరని పేరు. ఆ పేరునకు కారకుడు రాబర్టు విల్‌హెల్మ్ బున్సెన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు. సాహసమునకు జాగ్రత్త తోడు కానిచో ఎంతటి కీడు మూడునో, తోడైనచో ఎంతటి మేలు కలుగునో ఈతని జీవితము మనకు చక్కగా బోధించును.

బున్సెన్ 1811వ సంవత్సరమున జర్మనీ దేశమందలి గాటింజెన్ పట్టణమున జన్మించెను. తండ్రి అచ్చటి విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. బున్సెన్ చిన్ననాటినుండియు చదువునందు ఆసక్తి గలవాడై, పందొమ్మిదేండ్ల ప్రాయముననే డాక్టరు పట్టము నందెను. పిదప దేశసంచారము చేసి, కర్మాగారములను, గనులను, పేరెన్నికగన్న శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలను కన్నులార గాంచెను.

1834వ సంవత్సరమున అతడు బెర్తోల్డు అను వైద్యునితో కలిసి, పాషాణమునకు ఇనుముతో చేసిన ఒక పదార్థము విరుగుడగునని కనుగొనెను. ఆ తరువాత పాషాణమునకు సంబంధించిన కాకోడిల్ పదార్థములను పరిశోధింపసాగెను. అవి దుర్గంధభూయిష్ఠములు, విషపూరితములు. వానిలో కొన్ని గాలి సోకినంతనే మండును. ఒకనాడు పాత్ర ప్రేలి గాజు తునక యొకటి బున్సెన్ కుడికంటిని తాకెను. ఆ కన్ను మరల చూడనేలేదు. విషవాయువు దేహమున ప్రవేశించుటచే అతడు మృత్యుముఖమువరకును పోయి వచ్చెను. అయినను చేపట్టిన పరిశోధనను ముగింపక విడువలేదు. కాని అది ముగిసిన పిమ్మట అట్టి పదార్థముల జోలికి మరల పోలేదు.

1852లో బున్సెన్ హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి నలంకరించెను. అచ్చట అతనికొరకు క్రొత్త ప్రయోగశాలను నిర్మించిరి. ఆ కాలమున నగరములలో బొగ్గునుండి తీసిన గ్యాసుతో దీపములు వెలిగించుచుండిరి. ఆ గ్యాసునే ప్రయోగశాలకును తెచ్చిరి. కాని నాటి బర్నర్ల మంట పొగచూరుచుండెను. పాత్రలకు మసి పట్టుచుండెను. మంటకు తగిన వేడియు లేకుండెను.

గ్యాసు మండుటకు ముందే దానిలో గాలి కలిసినచో ఈ లోపము తీరునని బున్సెన్ తలచెను. విశ్వవిద్యాలయమున పరికరములు చేయు పీటర్ డెసాగా అను నేర్పరి 1855 ప్రాంతమున ఆ యూహకు రూపము కల్పించెను. గొట్టము అడుగున సన్నని రంధ్రమునుండి గ్యాసు వేగముగా వెలువడును. ఆ వేగమునకు ప్రక్కనున్న రంధ్రములగుండా గాలి లోనికి లాగబడి గ్యాసుతో కలియును. ఆ మిశ్రమము గొట్టము పైకొనయందు మండును. గాలి రంధ్రములను మూసినచో మంట పసుపుపచ్చగా వెలుగును. తెరచినచో నీలివర్ణమై మిక్కిలి వేడి నిచ్చును.

ఈ రహస్యమెరిగినవారికే బర్నరు మిత్రము, ఎరుగనివారికి శత్రువు. వెలిగించునపుడు గాలి రంధ్రములను మూసి, ముందుగా అగ్గిపుల్లను గీచి, పిమ్మట గ్యాసును వదలవలెను. ముందే గ్యాసును వదలినచో అది చుట్టును వ్యాపించి ఒక్కమారుగ భగ్గుమనును. నీలిమంట పగటివెలుగులో కంటికి సరిగా ఆనదు. కావున పని లేనపుడు పసుపుపచ్చ మంటనే యుంచవలెను. ఒక్కొక్కప్పుడు మంట గొట్టములోనికి దిగి అడుగుననే మండును. అపుడు వెంటనే గ్యాసును కట్టి, గొట్టము చల్లారువరకు దానిని ముట్టరాదు. వ్రేలాడు పైట, విరబోసిన జుట్టు మంటకు దూరముగ నుండవలెను. గ్యాసు వాసన తగిలినచో నిప్పు ముట్టింపక, టాపు కట్టి, కిటికీలు తెరచి, ఉపాధ్యాయునికి తెలుపవలెను. కన్నులకు రక్షణగా అద్దములు ధరించుట ఎంత అవసరమో, ఒక కన్ను కోల్పోయిన బున్సెన్ చరిత్రయే చెప్పుచున్నది.

బున్సెన్ ఈ బర్నరుపై ఎట్టి హక్కును కోరలేదు. దానిని లోకమునకే విడిచెను. వెలుగు తక్కువగా గల ఈ మంటలో ఉప్పు పసుపుపచ్చ రంగును, పొటాషు లవణములు లేత ఊదా రంగును స్పష్టముగా చూపెను. మిత్రుడైన కిర్కాఫ్ సలహాపై ఆ రంగులను గాజు పట్టకముగుండా చూడగా, ఒక్కొక్క మూలకమునకు ప్రత్యేకమైన గీతలు కనబడెను. ఆ విధానముచే వారు 1860లో సీసియమ్‌ను, 1861లో రుబీడియమ్‌ను కనుగొనిరి. కొలది గ్రాముల సీసియమ్ లవణమునకై వేలకొలది లీటర్ల ఊటనీటిని మరగించవలసివచ్చెను! 1868వ సంవత్సరమున సూర్యగ్రహణ సమయమున జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన గుంటూరునకు వచ్చి, ఈ విధానముననే సూర్యుని అంచున ఎగయు జ్వాలలను పరిశీలించెను.

బున్సెన్ వివాహమాడలేదు. శిష్యులే అతనికి బిడ్డలు. 1889లో పదవిని విరమించి, 1899లో హైడెల్‌బర్గుననే కన్నుమూసెను. నేడును ఎన్నో దేశముల పాఠశాలలలో అతని పేర చిన్న నీలిమంట వెలుగుచునే యున్నది. దానిని భయపడక, అలక్ష్యము చేయక వాడుటయే ఆ మహాశయునికి విద్యార్థులు చేయదగిన గౌరవము.